కొల్లేటికి నీళ్ళు



మొన్న మా మనమరాలు ఇంగ్లీషు పుస్తకం పట్టుకొచ్చి, "అమ్మమ్మా, న్యూకాజిల్‌కు బొగ్గులు మోయడమంటే ఏమిటి?" అని అడిగింది. న్యూకాజిల్ అంటే ఇంగ్లండుకు ఉత్తరాన, టైన్ నది ఒడ్డునున్న రేవుపట్నం. చుట్టూ బొగ్గు గనులుండేవి. లండను పొయ్యిల్లోకి శతాబ్దాల తరబడి అక్కడినుంచే ఓడల మీద బొగ్గు వెళ్ళేది. అలాంటి ఊరికి బొగ్గు మోసుకెళ్ళేవాడిని చూసి నవ్వరూ! ఆ వ్యర్థప్రయాసకే నాలుగువందల ఏళ్ళ పైబడి ఈ మాట వాడుతున్నారు.

మన 'ఏట్లో పిసికిన చింతపండు' సరిపోతుందనుకున్నాను గాని, సరిపోదు. అది ఉన్నది కాస్తా కొట్టుకుపోవడం. ఇది ఉన్నచోటికే మళ్ళీ మోసుకుపోవడం. "తాడేపల్లిగూడేనికి ఉల్లిపాయలు అందామా?" అంది పిల్ల. అక్కడి ఉల్లి మార్కెట్టు పెద్దదే, కాని సరుకు కర్నూలు వైపునుంచి లారీల్లో రావలసిందే. మోయకపోతే మార్కెట్టే లేదు! 'ఏలూరుకు తివాచీలు' కొంత నయం. చివరికి 'కొల్లేటికి నీళ్ళు మోసినట్టు' అని తేల్చుకుని ఇద్దరం మురిసిపోయాం.

అంట్లు తోముతున్న మా పనిమనిషి తలెత్తి, "అదేంటండీ, మేం మోసేది కొల్లేటికే కదండీ!" అంది.

ఆమె పుట్టిల్లు కొల్లేటి లంకలో. గుమ్మం దిగితే నీళ్ళే. కాని ఒక్క గుక్క తాగడానికి లేదు. ఏరుల వెంట వచ్చే ఊళ్ళ మురుగూ, చేపల చెరువుల నీరూ అందులోకే. ఎండాకాలం ఉప్పుటేరు గుండా సముద్రపు ఉప్పు ఎగదన్నుతుంది. 2006లో అక్రమ చెరువుల గట్లు తెగ్గొట్టారు గాని, ఆ లంకవాళ్ళ నీళ్ళ కష్టం దాంతో తీరలేదు. ఆ చుట్టుపక్కల పెంచిన బొచ్చె, శీలావతి చేపలు ఐసులో పడుకుని, చేపలకు పేరుపడ్డ బెంగాలుకే లారీల్లో వెళతాయి. మంచినీళ్ళు మాత్రం టిన్నుల్లో కొనుక్కుని గట్టెంట మోసుకొచ్చుకోవాలి. మోసేది ఆడవాళ్ళే. ఈమె కూడా ఆ టిన్నులు మోస్తూ మోస్తూ ఏడో తరగతిలో బడి మానేసిందట. ఆ సంగతి ఇన్నేళ్ళలో నేనెప్పుడూ అడగలేదు, చూడండి.

అన్నట్టు, న్యూకాజిల్ చుట్టూ గనులన్నీ మూతపడ్డాయి. ఈ శతాబ్దంలో టైన్ రేవుకు పైదేశాల బొగ్గే దిగింది.

పిల్ల తన పుస్తకంలో రాసుకున్నది కొట్టేసింది.

మర్నాడు పనిమనిషి రాలేదు. వాళ్ళమ్మకు కాలు బెణికిందని కబురొచ్చిందట, నీళ్ళు మోసిపెట్టడానికి వెళ్ళింది.