పాపకు అన్నం పెట్టారా?

(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగము: మార్కు సువార్త 5:21–43

సికింద్రాబాదులోను, చుట్టుపక్కల ఊళ్లలోను, వంటింట్లో పని చేసుకుంటూ, మంచము మీద పడుకొని, డ్యూటీకి వెళ్తూ ఈ మాటలు వింటున్న ప్రతి ఒక్కరినీ ప్రభువు దీవించును గాక.

ఈ దినము మన ధ్యానము ఆహారమును గూర్చి. "ఇదేమిటి, అయ్యగారు వాక్యము మాని వంట చెప్తున్నారా?" అని మీరు నవ్వుకోవచ్చు. కాని ఒకసారి మార్కు సువార్త 5వ అధ్యాయము తెరవండి. సమాజమందిరపు అధికారియైన యాయీరు కుమార్తె చనిపోయింది. ఇల్లంతా ఏడ్పులు. ప్రభువు ఆ గదిలోనికి వెళ్లి, ఆ చిన్నదాని చెయ్యి పట్టుకొని లెమ్మన్నాడు. ఆమె లేచి నడిచింది. చూచినవారందరూ విస్మయమొందారు. ఆ తరువాత ప్రభువు ఏమన్నాడో 43వ వచనములో ఉన్నది. ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దన్నాడు. ఆ పిల్లకు తినడానికి పెట్టమన్నాడు.

గమనించండి. ఆ పిల్ల చావు వరకు వెళ్లిన రోగి. ఎన్ని దినములనుండి సరిగా తినలేదో! తల్లి సంతోషముతో ఏడుస్తూ ఉండవచ్చు. తండ్రికి నోట మాట రాకపోవచ్చు. పేతురు, యాకోబు, యోహాను నిర్ఘాంతపోయి నిలబడి ఉండవచ్చు. అంత గొప్ప అద్భుతము జరిగిన గదిలో ఆ పిల్ల ఆకలి ఒక్క యేసుకే గుర్తుకు వచ్చింది. చనిపోయిన పిల్లను లేపిన ప్రభువుకు ఆమె కడుపు నింపడము కష్టమా? అయినా ఆయన ఆ పని చేయలేదు. దానిని ఆ తల్లిదండ్రుల చేతులకు అప్పగించాడు. ప్రాణమిచ్చేది ఆయన. ఆ ప్రాణాన్ని కనిపెట్టుకొని, వండి, వడ్డించి నిలబెట్టే బాధ్యత మనకిచ్చాడు.

ఈ మాటనుండి మూడు సంగతులు ధ్యానించుదము.

మొదటిది, ఇంట్లో ఎవరు తినలేదో చూడండి.

ఇదే అధ్యాయములో ఇంకొక స్త్రీ ఉన్నది. పన్నెండు సంవత్సరములు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ. యాయీరు కుమార్తె వయస్సు కూడ పన్నెండు సంవత్సరములే. ఒకరు బలము ఉడిగిపోయిన స్త్రీ, ఇంకొకరు ఎదిగే వయస్సులో ఉన్న ఆడపిల్ల. ఈ ఇద్దరూ మన ఇళ్లలో లేరంటారా? 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57.6 మందికి రక్తహీనత ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 58.8 మందికి. అంటే ఆదివారము మన సంఘములో స్త్రీల వరుసలో ఇద్దరు కూర్చుంటే, వారిలో ఒకరికి రక్తము తక్కువగా ఉండవచ్చు.

ఇళ్లు దర్శించడానికి వెళ్లినప్పుడు ఒక తల్లి, కళ్లు తిరుగుతున్నాయని చెప్పి ప్రార్థన చేయమన్నారు. "అమ్మా, పొద్దున ఏమి తిన్నారు?" అని అడిగాను. "టీ తాగానయ్యగారూ. పిల్లలకు డబ్బాలు కట్టి, ఆయనను పంపించి, అత్తమ్మకు పెట్టేసరికి పదకొండు దాటింది" అన్నారు. "మరి మధ్యాహ్నము?" అంటే, "మిగిలింది ఏదో తింటానయ్యగారూ" అన్నారు. గుమ్మము దగ్గర కూర్చున్న అత్తగారు, "మేమందరం అట్లనే తిన్నం అయ్యగారూ, మాకేమైంది?" అన్నారు. ఆ పెద్దమ్మ మాటలో కోపము లేదు. ఆమెకు చిన్నప్పటినుండి అదే అలవాటు. అందరూ తిన్నాక తినడమే మంచి ఆడదాని లక్షణమని మనమే ఆమెకు నేర్పాము.

ఆ తల్లి కోసము ప్రార్థన చేశాము. రక్త పరీక్ష కూడ చేయించుకోమని చెప్పాము. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకంటె తక్కువైతే రక్తహీనత అంటారు. ఆ ఇంటివారు ఒక నిర్ణయము తీసుకున్నారు. రాత్రి భోజనానికి గిన్నెలన్నీ మధ్యలో పెట్టుకొని అందరూ ఒకేసారి కూర్చుంటారు. కూర అందరికీ సమానముగా వస్తుంది. చిన్న మార్పే. కాని కొరింథు సంఘానికి పౌలు భక్తుడు చెప్పినది కూడ ఇదే కదా. మొదటి కొరింథీయులకు 11వ అధ్యాయము చదవండి. ఒకడు ముందే తినేసి తృప్తిపడుతున్నాడు, ఒకడు ఆకలితో మిగిలిపోతున్నాడు, ఇది ప్రభువు భోజనము కాదని మందలించి, ఒకరికొరకు ఒకరు కనిపెట్టుకొమ్మని చెప్పాడు.

అయ్యలారా, మీ భార్య ఏమి తిన్నదో మీకు తెలుసా? తోటకూర, పాలకూర, పప్పు, గుడ్డు, దొరికినప్పుడు లివరు, ఇవి ఆమె పళ్లెములోనికి కూడ రావాలి. భోజనములో నిమ్మకాయ పిండుకుంటే, జామపండో ఉసిరికాయో తింటే ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నము తిన్న వెంటనే టీ తాగితే అది సరిగా పట్టదు. కొంతసేపు ఆగి తాగండి. బడిలో మీ అమ్మాయికి వారానికి ఒకసారి నీలిరంగు ఇనుము మాత్ర ఇస్తే, పారవేయకుండా వేసుకున్నదో లేదో అడగండి.

రెండవది, కడుపు నిండితే చాలదు.

సికింద్రాబాదు స్టేషనునుండి తార్నాక వైపు వెళ్తే, ఉస్మానియా విశ్వవిద్యాలయము దగ్గర జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. ఎన్నోసార్లు దాని గేటు ముందునుండి బస్సులో వెళ్లి ఉంటారు. ఆ సంస్థ ఎలా పుట్టిందో తెలుసా? 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు తమిళ దేశములోని కూనూరులో బెరిబెరి వ్యాధిని పరిశోధించడానికి చిన్నగా మొదలుపెట్టాడు. బెరిబెరి ఎవరికి వచ్చేది? ముఖ్యముగా మరలో బాగా తెల్లగా పట్టిన బియ్యము మీదనే బ్రతికేవారికి. బియ్యము పైపొరలో ఉండే విటమిను తవుడుతో పోయేది. కడుపు నిండేది, కాళ్లు పట్టు తప్పేవి, గుండె దెబ్బ తినేది. ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు వచ్చింది.

ఇక్కడికి వచ్చాక మన దక్కను బీదలలో ఇంకొక వ్యాధి కనిపించింది. ఎండ తగిలే మెడ, చేతులు, కాళ్ల మీద చర్మము నల్లబడి పొట్టు లేచేది. విరేచనాలు, మతి చలించడము కూడ ఉండేవి. దాని పేరు పెల్లాగ్రా. జొన్నలు తప్ప ఇంకేమీ దొరకని ఇళ్లలో అది ఎక్కువ. డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతయ్య దానిని పరిశోధించి, జొన్నలో లూసిన్ అనే పదార్థము ఎక్కువగా ఉండడము ఒక కారణము కావచ్చునని 1960లో ప్రచురించారు.

ప్రియులారా, బియ్యము చెడ్డదని గాని జొన్న చెడ్డదని గాని నేను చెప్పడము లేదు. రెండూ దేవుడిచ్చినవే. ఏ ఒక్కటీ ఒంటరిగా మనిషిని నిలబెట్టలేదు. శరీరము ఒక్క అవయవము కాదని పౌలు సంఘమును గూర్చి వ్రాశాడు. మన పళ్లెము సంగతి కూడ అంతే. మన పెద్దలు కరువులు చూశారు. మెదకులో పాస్నెట్ దొరగారు కరువు కాలములో జనులకు పని కల్పించి, అన్నము పెట్టి ఆ గొప్ప దేవాలయము కట్టించిన సంగతి నేటికీ మన సంఘములలో చెప్పుకుంటారు. 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠింపబడింది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము వచ్చింది. 2025లో తెలంగాణ రేషను షాపులలో సన్న బియ్యము వచ్చింది. ఆకలి తీరినందుకు దేవునికి స్తోత్రము! కాని అన్నము దండిగా దొరికినప్పుడు, పళ్లెమంతా అన్నమే అయిపోతున్నది. కొండంత అన్నము, గరిటెడు చారు, ఆవకాయ ముక్క.

అదే తార్నాక సంస్థ 2024లో భారతీయుల కొరకు ఆహార నియమాలను ప్రకటించింది. మన ఒంటికి కావలసిన శక్తిలో ధాన్యాలనుండి వచ్చేది నూటికి 45 వంతులకు మించవద్దన్నారు. మిగిలినది పప్పులు, కూరలు, పండ్లు, గింజలు, పాలు, గుడ్లు, చేపలు, మాంసము వంటివాటినుండి రావాలి. ఉప్పు దినానికి 5 గ్రాములు మించకూడదు. అంటే ఒక టీ స్పూను. పచ్చడి, అప్పడము, మిక్చరు, బిస్కెట్టు, అన్నిటిలో ఉన్నది కలుపుకొనే ఆ లెక్క. దీనికి ఖరీదైన డబ్బాలు, పొడులు అక్కరలేదు. మోండా మార్కెట్టులో ఆకుకూర కట్టలు దొరుకుతాయి. రాత్రి నానబెట్టిన శనగలు దొరుకుతాయి. వారములో కొన్ని పూటలు అన్నానికి బదులు జొన్నరొట్టె చేసుకోండి. అన్నము ఒక గరిటె తగ్గించి పప్పు ఒక గరిటె పెంచండి.

మూడవది, మన బల్ల యొద్ద బలహీనుని మరువకండి.

ఆహారము మనలను దేవునికి దగ్గర చేయదని మొదటి కొరింథీయులకు 8వ అధ్యాయములో పౌలు స్పష్టముగా చెప్పాడు. తింటే పుణ్యము లేదు, తినకపోతే పాపము లేదు. కాబట్టి ఎదుటివాని పళ్లెములోనికి చూచి తీర్పు తీర్చే అధికారము మనకు లేదు. అయితే అదే అధ్యాయము చివర ఏమన్నాడు? తాను తినేది సహోదరునికి అడ్డమైతే, దానిని ఎన్నటికీ ముట్టనన్నాడు. ఆయన మనస్సాక్షిని గూర్చి మాట్లాడాడు. సహోదరుని శరీరమును గూర్చి కూడ మనము అదే ప్రేమ చూపవద్దా?

2023లో ప్రచురించిన ఐసిఎంఆర్ అధ్యయనము ప్రకారము మన దేశములో 10 కోట్ల 10 లక్షలమందికి చక్కెర వ్యాధి ఉన్నది. మన ప్రేమవిందులో ఏముంటుంది? బిర్యానీ, డబల్ కా మీఠా, కూల్ డ్రింక్. వద్దన్న పెద్దాయనను ఊరుకోనిస్తామా? "ఒక్కరోజుకేమీ కాదు అంకుల్, ప్రార్థన చేసిందే కదా, తినండి" అంటాము. ఆయన కాదనలేక తింటాడు. మనము ప్రేమ అనుకున్నది ఆయన కాలి పుండుకు, కంటి చూపుకు, మూత్రపిండాలకు భారమవుతుంది. విందు మానమని నేననను. ప్రభువు కూడ విందులకు వెళ్లాడు. ఒక గిన్నెలో కూర, పెరుగు, కీరా ముక్కలు, నాలుగు రొట్టెలు కూడ పెట్టండి. వద్దన్నవారిని బలవంతము చేయకండి. అదీ ప్రేమవిందే.

ఉపవాసమును గూర్చి కూడ ఒక మాట. శ్రమదినములలో, శుభ శుక్రవారమున అనేకులు ఉపవాసముంటారు. మంచిదే. కాని ఇన్సులిన్ తీసుకునేవారు, చక్కెర మాత్రలు వేసుకునేవారు, గర్భిణులు డాక్టరును అడగకుండ ఉపవాసముండవద్దు. మాత్ర వేసుకొని అన్నము మానితే రక్తములో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, మాట తడబాటు వస్తాయి. ఆరాధనలో మీ పక్కన ఎవరికైనా అలా అయితే, వారికి తెలివి ఉండి మ్రింగగలిగితే, మూడు టీ స్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి వెంటనే త్రాగించండి. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయకుండ ఆసుపత్రికి తీసుకొని వెళ్లండి. అన్నము మానలేని సహోదరి విశ్వాసములో తక్కువదని ఎవరూ అనవద్దు. యెషయా 58వ అధ్యాయములో దేవుడు కోరిన ఉపవాసము ఏమిటి? మన ఆహారమును ఆకలిగొన్నవారితో పంచుకొనుట. ఆ ఉపవాసము రోగి కూడ చేయవచ్చు.

మన జంటనగరములలో ఇంకొక ఆకలి ఉన్నది. పిల్లలు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉంటారు. ఇక్కడ తల్లి ఒక్కతే. ఫ్రిజ్‌లో అన్నీ ఉంటాయి. "నా ఒక్కదానికి పొయ్యి వెలిగించేదేమిటి" అని బ్రెడ్డు, టీతో పూట గడుపుతుంది. ఏలీయా అలసి, ఇక చాలు ప్రభువా అని చెట్టు క్రింద పడుకొన్నప్పుడు దేవుడు ఆయనను గద్దించలేదు. దూతను పంపి, రొట్టెను నీళ్లను పెట్టించి, తిని పడుకొనిచ్చాడు. మళ్లీ లేపి మళ్లీ పెట్టించాడు. మాట్లాడింది ఆ తరువాతనే. మీ వీధిలో ఉన్న ఆ తల్లికి వాక్యము చెప్పడానికి వెళ్తున్నారా? వెళ్లండి. ఒక గిన్నెలో పప్పు కూడ తీసుకొని వెళ్లండి. ఆమెతో కూర్చొని తినండి.

ప్రియ శ్రోతలారా, ఈ రాత్రి మీ ఇంట్లో భోజన ప్రార్థన చేస్తారు. ఆమేన్ అన్న తరువాత వెంటనే చెయ్యి పెట్టకండి. ఒక్క నిమిషము తల ఎత్తి చుట్టూ చూడండి. ఎవరి పళ్లెములో కూర లేదు? ఎవరు ఇంకా వంటింట్లోనే నిలబడి ఉన్నారు? ఎవరు తినకూడనిది మొగమాటముతో తింటున్నారు? ఆ గదిలో యేసు ప్రభువు ఆ పన్నెండేళ్ల పిల్లను చూచినట్టు మీరు చూడండి.

ప్రార్థన చేసుకుందము.

పరలోకమందున్న మా తండ్రీ, మాకు దినదినము ఆహారమిస్తున్నందుకు నీకు స్తోత్రములు. అందరికీ వండి చివర తినే తల్లులను జ్ఞాపకము చేసుకొనుము. చక్కెర వ్యాధితో, రక్తపోటుతో, రక్తహీనతతో ఉన్నవారిని ముట్టుము, వారికి మంచి వైద్యమును అనుగ్రహించుము. ఒంటరిగా తినే వృద్ధుల యొద్దకు మమ్మును పంపుము. నీవు లేపినవారికి అన్నము పెట్టే చేతులుగా మా చేతులను చేయుము. యేసుక్రీస్తు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.