అంకె కుదిరితే చాలదు

 

ఎర్రసముద్రం ఒడ్డున, తువల్‌లో 2009లో మొదలైన కింగ్ అబ్దుల్లా విశ్వవిద్యాలయంలో చదువుకుని ఈ రోజు పట్టాలు అందుకుంటున్నారు మీరు. ఇక్కడి షాహీన్-2 సూపర్‌కంప్యూటర్ 2015లో ప్రపంచ సూపర్‌కంప్యూటర్ల జాబితాలో ఏడో స్థానంలో నిలిచింది. అంతటి యంత్రం చేతిలో ఉంటే మనిషికో జబ్బు పట్టుకుంటుంది. లెక్కలో వచ్చిన అంకె కొలతకు దగ్గరగా ఉంటే చాలు, పని అయిపోయిందనుకుంటాం.

ఒక ఉదాహరణ చూడండి. ఈ హాల్లోని గాలిలో 78 శాతం నైట్రోజనే. దాని మీద తగినంత శక్తి ఉన్న అతినీలలోహిత కాంతి పడితే ఎలక్ట్రాన్లు ఊడివస్తాయి. వాటి వేగాన్ని బట్టి ఏ ఎలక్ట్రాన్ ఎంత గట్టిగా పట్టుకుని ఉందో తెలుస్తుంది. ప్రయోగంలో సిగ్మా (σ) ఆర్బిటాల్ పీక్ 15.6 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర వస్తుంది, పై (π) ఆర్బిటాల్ పీక్ 17 దగ్గర.

ఇప్పుడు హార్ట్రీ-ఫాక్ లెక్క చేసి, ఆర్బిటాల్ శక్తి నుంచే ఎలక్ట్రాన్‌ను ఊడదీసే శక్తిని చెప్పే 1934 నాటి కూప్‌మన్స్ సిద్ధాంతం వాడండి. పై ఆర్బిటాల్‌కు 16.7 వస్తుంది. కొలతకు 0.3 తేడా! మురిసిపోతాం. సిగ్మాకు మాత్రం 17.3 వస్తుంది. అంటే ముందు ఊడేది ఏదన్న వరుసే తారుమారైంది.

ఒక ఎలక్ట్రాన్ పోయాక మిగిలినవి సర్దుకుంటాయి. ఈ లెక్కకు అది పట్టదు కనక అంకె పెరుగుతుంది. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తప్పించుకు తిరగడమూ పట్టదు, దానివల్ల అంకె తగ్గుతుంది. ఈ రెండు తప్పులూ పై ఆర్బిటాల్ దగ్గర చాలావరకు కొట్టుకుపోయాయి, సిగ్మా దగ్గర పోలేదు. లోపలి 1ఎస్ ఎలక్ట్రాన్ దగ్గర సర్దుబాటుదే పైచేయి. అక్కడ ఇదే లెక్క 16 ఎలక్ట్రాన్ వోల్టులకు పైగా ఎక్కువ చూపుతుంది. ఎలక్ట్రాన్ స్పెక్ట్రోస్కోపీకి 1981లో నోబెల్ అందుకున్న కై సీగ్‌బాన్ పద్ధతిలో చూసేవి ఇలాంటి లోపలి ఎలక్ట్రాన్లనే. అందులో ఒక కార్బన్ పక్కన ఏముందో చెప్పే తేడా కొద్ది ఎలక్ట్రాన్ వోల్టులే!

మంచి పద్ధతులు లేకపోలేదు. కానీ పేరున్న ఒక కపుల్డ్ క్లస్టర్ లెక్కలో అణువు పరిమాణం రెట్టింపైతే పని 128 రెట్లవుతుంది. కనక పెద్ద అణువులకు చవక పద్ధతులే దిక్కు. వాటిని ముందు నైట్రోజన్ లాంటి చిన్న అణువుల మీద పరీక్షించి తీరాలి.

రేపు పేపర్ రాసేటప్పుడు ఏ పద్ధతి, ఏ బేసిస్ సెట్, తప్పు ఎంత వరకు ఉండొచ్చు అన్నది అంకె పక్కనే రాయండి. గైడ్ వద్దంటే అనుబంధంలోనైనా పెట్టండి.