విదేశ ప్రయాణము - సెల్‌ఫోను ఖర్చు

విదేశ ప్రయాణము మన తెలుగు కుటుంబములలో ఒకప్పటివలె అపురూపమైన సంగతి కాదు. కుమారుడు డాలస్‌లోనో కుమార్తె సింగపూరులోనో కాపురముండుట, తల్లిదండ్రులు మనుమలను చూచుటకు పోయివచ్చుట గుంటూరులోను కరీంనగరములోను వీధివీధినా వినవచ్చు మాటయే. ఇట్టి ప్రయాణమునకు టిక్కెట్టు ధర యెంతయో ముందే విచారింతురు. వీసాకు లెక్క కలదు. ఆరోగ్య బీమాకు లెక్క కలదు. ఆవకాయ సీసాల బరువునకు సయితము లెక్క కలదు. లెక్క లేక సాగునది జేబులోని సెల్‌ఫోను చేయు ఖర్చు ఒక్కటే. దానిని తగ్గించుకొనుటకు ఇ-సిమ్ము అను క్రొత్త యేర్పాటు ఎంతవరకు తోడ్పడునో, ఎక్కడ తోడ్పడదో నేడు మనవి చేయుదును.

ఈ ఖర్చునకు మూలము మనము స్వదేశమున అలవరచుకొన్న ధారాళము. 2016 సెప్టెంబరులో జియో కంపెనీ రంగమున దిగిన పిమ్మట మన దేశమున డేటా ధర మిక్కిలి పడిపోయినది. తరువాత మరల పెరుగుచు వచ్చినది. 2024 జూలైలో మూడు పెద్ద ప్రైవేటు కంపెనీలును రోజుల తేడాతో ధరలు పెంచినవి. అయినను రోజునకు ఒకటిన్నర జి.బి., రెండు జి.బి. యిచ్చు పథకములు మనకు సామాన్యములు. కుళాయి విప్పియుంచి పండ్లు తోముకొనువానివలె మనము డేటాను వాడుచున్నాము. ఆ అలవాటుతోనే విమానమెక్కినచో, దిగిన చోట నీటిని గిద్దలతో కొలిచి అమ్ముదురు.

మన కంపెనీకి అమెరికాలో టవరు లేదు. అక్కడి కంపెనీ టవరును మన ఫోను వాడుకొనును. ఆ కంపెనీ మన కంపెనీకి సొమ్ము కట్టుమనును. మన కంపెనీ తన లాభము చేర్చి మనలను కట్టుమనును. దీనినే రోమింగు అందురు. ముందుగా రోమింగు పథకము కొనియున్నచో దానికొక హద్దు ఉండును. కొనక వెళ్ళి, డేటా రోమింగును తెరచియుంచినచో లెక్క మెగాబైట్ల చొప్పున సాగవచ్చును. జి.బి. యొక్కటి వేయికి పైగా మెగాబైట్లు. మెగాబైటునకు ఒక్క రూపాయియే యనుకొన్నను జి.బి.కి వేయి రూపాయలు దాటినవి. మనము చూడకున్నను ఫోను పని మానదు. తీసిన ఫోటోలను దూరమున దాచుటకు పంపుచుండును; యాప్‌లను తాజా పరచుకొనును; బంధువుల వాట్సాప్ బృందమున వచ్చిన శుభోదయపు వీడియోలను తనంతట తానే దింపుకొనును. ప్రీపెయిడువారికి చేతిలోని నిల్వతోనే నష్టము తీరును. పోస్టుపెయిడువారికి నెలాఖరున వచ్చు బిల్లు ఒక్కొక్కప్పుడు పింఛనును మ్రింగివేయును.

ఇక సిమ్ము సంగతి. 1991లో జర్మనీలోని మ్యూనిక్ నగరపు గీసెక్ అండ్ డెవ్రియెంట్ అను కంపెనీ, ఫిన్లండు దేశపు రేడియోలింజా కంపెనీకై తొలి సిమ్ముకార్డులను తయారు చేసినది. అవి నేటి ఏ.టి.ఎం. కార్డంత ఉండెడివి. క్రమముగా కురుచనై 2012 నాటికి చిటికెనవ్రేలి గోరంత అయినవి. పెద్దదైనను చిన్నదైనను దాని పని ఒక్కటే: ఈ ఫోను ఫలానా కంపెనీ ఖాతాదారునిదని టవరునకు సాక్ష్యము చెప్పుట. కంపెనీ మారినప్పుడెల్ల బిళ్ళను మార్చుటకు బదులుగా, ఫోనులోనే ఒక బిళ్ళ కదలకుండ అతికియుండి, సాక్ష్యమును మాత్రము ఇంటర్నెట్టు ద్వారా తెప్పించి దానిపై వ్రాసికొను ఏర్పాటే ఇ-సిమ్ము. సెల్‌ఫోను కంపెనీల అంతర్జాతీయ సంఘము సామాన్యుల ఫోనులకు వర్తించు నియమములను 2016లో ప్రకటించినది. 2017లో గూగుల్ పిక్సెల్ 2లోను, 2018లో ఐఫోను ఎక్స్.ఎస్.లోను ఇది వచ్చినది. 2022లో వెలువడిన ఐఫోను 14కు అమెరికాలో సిమ్ము దూర్చు అరయే లేకుండ చేసిరి.

ఇ-సిమ్ము అనగానే చవుక యని పలువురు తలంతురు. అది పాత్ర మాత్రమే. పాత్ర మారినంత మాత్రమున పాల ధర తగ్గదు. తగ్గుటకు కారణము వేరు. వెనుక విమానము దిగినవానికి ఎదుట కనబడిన దుకాణమే గతి, అలసియున్నవాడు బేరమాడలేడు. ఇప్పుడు ఇంట కూర్చుండి పదిమంది ధరలను పోల్చి, ముందే సొమ్ము చెల్లించి, బిళ్ళ మార్చు పని లేకుండనే మరియొక కంపెనీ సేవను తెచ్చుకొనవచ్చును. ప్రీపెయిడు గనుక చెల్లించిన దానికి మించి పోదు. నా మట్టుకు, చవుకదనము కంటె ఈ హద్దే గొప్ప లాభమని తోచును.

అయితే ఎంత కొనవలెను? పొదుపంతయు ఈ ప్రశ్నలోనే ఉన్నది. మాటలుగా వ్రాసి పంపు సందేశమునకు అయ్యెడి ఖర్చు లెక్కకు రానంత స్వల్పము. 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు దారి పొడవునను తన మిత్రునకు జాబులు వ్రాసిరి. ఆ జాబులే పిమ్మట గ్రంథమైనవి. ఆ గ్రంథమంతయు అక్షరములుగా పంపినను కొన్ని మెగాబైట్లలో ఇమిడిపోవును. మనుమని మొగము చూచుచు నిమిషమో రెండు నిమిషములో మాటాడినచో అంతయే ఖర్చగును. మొగము చూడక మాట మాత్రము ఆడినచో అందులో చిన్న పాలు చాలును. సినిమాల సంగతి వేరు. చక్కని స్పష్టతతో చూచినచో గంటకు 3 జి.బి. వరకు పోవునని నెట్‌ఫ్లిక్స్ వారే చెప్పుచున్నారు. నెలకని కొన్న 3 జి.బి. ఒక్క గంటలో హరించునన్నమాట. దారి చూపు పటములను బయలుదేరక ముందే ఇంటి వైఫైలో దింపుకొనినచో ఊరంతయు తిరిగినను వానికై పెద్దగా ఖర్చు లేదు.

తమ వాడుకను ఫోను సెట్టింగులలోనే చూచుకొనవచ్చును. కాని చూచి భయపడి అంతయు కొనరాదు. అమెరికాలో కుమారుని యింట వైఫై ఉండును. పగలెల్ల ఇంటనుండి, సాయంకాలము పార్కునకో, వారమునకొకమారు దేవాలయమునకో పోవు పెద్దవారికి బయట కావలసిన డేటా అత్యల్పము. వారికి "అపరిమిత" పథకము కొనిపెట్టుట, ఇద్దరు తిను ఇంటికి పుట్టెడు ధాన్యము తోలించుట. పైగా ఆ "అపరిమిత" మనుమాట చాలచోట్ల పూర్తిగా నిజము కాదు. రోజునకు కొంత వాడిన పిమ్మట వేగము నత్తనడక యగునని క్రింద చిన్న అక్షరములలో ఉండును. ఆ అక్షరములను చదివిన తరువాతనే ధర చూడవలెను.

గడువు మాట మనకు తెలిసినదే. 28 దినముల పథకము నెల పథకమువలె కనబడి, సంవత్సరమునకు 12 మారులకు బదులు 13 మారులు చెల్లింపజేయును. అందుచేతనే టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 30 దినముల గడువుగల పథకమొకటియైన ఉంచవలెనని 2022లో కంపెనీలను ఆదేశించినది. విదేశపు పథకములలో 7, 15, 30 దినముల గడువులు పెక్కు. పదిదినముల విహారమునకు పోవువానికి ఇవి సరిపోవును. ఆరునెలలుండువారు వీనిని ఆరుమారులు కొనుటకంటె, తొలివారమునకు చిన్న పథకముతో సరిపెట్టుకొని, పిమ్మట అక్కడి కంపెనీ ప్రీపెయిడు పథకమునో, కుమారుని కుటుంబ పథకములో మరియొక లైనునో తీసికొనుట మేలు. అచ్చటి నంబరు కూడ వచ్చును. వైద్యుని యింటినుండి పిలుపు వచ్చుటకు అది అవసరము. అమెరికాలో చెప్పిన ధరపై పన్నులు వేరుగా పడునని మరువరాదు.

ఐరోపా పోవువారు దేశముల పట్టికను తప్పక చూడవలెను. ఐరోపా యూనియనులో ఒక దేశపు సిమ్మును మరియొక దేశమున అదనపు రుసుము లేకుండ వాడుకొను హక్కు 2017 జూన్ 15నుండి అమలులోనికి వచ్చినది. అందుచే ఒక్క పథకముతో చాల దేశములు తిరుగవచ్చును. కాని స్విట్జర్లండు ఆ యూనియనులో లేదు. బ్రిటను బయటికి పోయినది. మన యాత్రా సంస్థలు పారిస్, జ్యూరిచ్, లండన్ మూడింటిని ఒకే త్రోవలో చూపును. "ఐరోపా" అను పేరు చూచి కొన్నవాని ఫోను పారిస్‌లో పలికి, కొండలెక్కగానే మూగవోవచ్చును.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. ప్రయాణికులకని అమ్ము ఇ-సిమ్ములలో పెక్కింటికి డేటా మాత్రమే ఉండును, నంబరు ఉండదు. కాబట్టి స్వదేశపు నంబరును సజీవముగా ఉంచుకొనవలెను. బ్యాంకు ఓ.టి.పి. దానికే వచ్చును, ఆధారుకు కట్టుబడినది ఆ నంబరే, పింఛను ఖాతా దానితోనే తెరచుకొనును. నాలుగువందల రూపాయలు మిగిల్చుకొనబోయి ఈ నంబరు పోగొట్టుకొన్నవాని తిప్పలు చెప్పనలవి కావు. 90 దినములు ఏ వాడుకయు లేని ప్రీపెయిడు నంబరును కంపెనీ తొలగించి, కొంతకాలమునకు మరియొకరికి ఈయవచ్చును. ఖాతాలో 20 రూపాయలు నిల్వయున్నచో ఆ మేరకు మినహాయించుకొని నంబరును నిలుపు పద్ధతిని ట్రాయ్ 2013లో ఏర్పరచినది. కాని పథకము గడువు తీరిన నంబరునకు సందేశములు రాకపోవచ్చును. దీనికి మంచి యుపాయము డేటా లేని పథకము. మాటలకును సందేశములకును మాత్రమే పరిమితమైన పథకములు ఉంచవలెననియు, వాని గడువు 365 దినముల వరకు ఉండవచ్చుననియు ట్రాయ్ 2024 డిసెంబరులో నియమము చేసినది. ఆరునెలలకు పోవు పెద్దలు బయలుదేరక ముందు అట్టిదొకటి వేయించుకొని, అంతర్జాతీయ రోమింగును తెరపించుకొని, విదేశమున ఓ.టి.పి. సందేశము ఉచితముగా వచ్చునా యని తమ కంపెనీని అడిగి తెలిసికొనవలెను.

అక్కడ దిగిన పిమ్మట ఫోనులో రెండు సిమ్ములుండును. స్వదేశపు సిమ్మును ఆర్పివేయరాదు. దానికి డేటా రోమింగును మాత్రము మూయవలెను. ఇ-సిమ్మునకు డేటా రోమింగును తెరువవలెను. ఒకటి అందనప్పుడు రెండవదానినుండి డేటా తీసికొను సౌకర్యము కొన్ని ఫోనులలో కలదు. దానిని మూయనిచో చేసిన జాగ్రత్తయంతయు వ్యర్థము. స్వదేశపు నంబరునకు వచ్చిన పిలుపునకు పలికినను రుసుము పడవచ్చును గనుక, బంధువులను వాట్సాప్‌లోనే పిలువుడని చెప్పి పోవలెను. క్రొత్త సిమ్ము వచ్చినదని వాట్సాప్ నంబరు మార్చమన్నచో వలదనవలెను. పాత నంబరుతోనే అది పనిచేయును.

కొనుచోటును గూర్చి ఒక మాట. 2024 జనవరిలో మన ప్రభుత్వము, తగిన అనుమతి లేకుండ ఇ-సిమ్ములు అమ్ముచున్నారని ఐరాలో, హోలాఫ్లై అను రెండు విదేశీ కంపెనీల యాప్‌లను మన దేశమున నిలిపివేయించినది. విదేశపు సిమ్ములను ఇక్కడ అమ్ముటకు టెలికం శాఖ అనుమతి పొందియుండవలెను. కావున అనుమతిగల విక్రేతనో, చేరబోవు దేశపు కంపెనీనో ఆశ్రయించుట క్షేమము. "మీ సిమ్మును ఇ-సిమ్ముగా మార్చుదుము, వచ్చిన సందేశమును మాకు పంపుడు" అని ఎవరైన తమంతట తాము ఫోను చేసినచో మారు పలుకక పెట్టివేయవలెను. ఆ సందేశము పంపిన మరుక్షణమున మీ నంబరు వాని ఫోనులో పలుకును; తరువాత ఓ.టి.పి.లన్నియు వానికే చేరును.

బయలుదేరుటకు వారము ముందు ఫోనులో స్టార్, హాష్, సున్న, ఆరు, హాష్ నొక్కి చూడవలెను. ఇ.ఐ.డి. అను 32 అంకెల సంఖ్య కనబడినచో ఆ ఫోను ఇ-సిమ్మునకు తగినది. అమెరికాలో వాయిదాలపై కొని కుమారుడు కానుకగా పంపిన ఫోనైనచో అది ఆ కంపెనీకే బిగింపబడి యుండవచ్చును. విడిపించనిదే మరియొక సిమ్ము పనిచేయదు. పథకము పంపిన చదరపు చుక్కల బొమ్మను, అనగా క్యూ.ఆర్. కోడును, ఇంటి వైఫైలోనే చదివించి స్థాపించుకొనవలెను. విమానాశ్రయమున ఇంటర్నెట్టు లేక, ఇంటర్నెట్టునకై ఇంటర్నెట్టు వెదకికొనుట హాస్యాస్పదము. ఆ కోడు సాధారణముగా ఒక్కమారే పనిచేయును. పొరపాటున చెరిపివేసినచో మరల కొనవలసి రావచ్చును. స్థాపించిన దినమునుండి గడువు లెక్కింతురో, విదేశపు టవరు తాకిన దినమునుండి లెక్కింతురో ముందే చూచుకొనవలెను. కొన్ని ఇ-సిమ్ముల డేటా మూడవ దేశము చుట్టి వచ్చును. అప్పుడు వేగము కొంత తగ్గును. బ్యాంకు యాప్ మనము ఉన్నచోటు కాక వేరొక దేశమున ఉన్నామని భ్రమించి తలుపు తీయకపోవచ్చును. అట్టి పనులను ఇంటి వైఫైలో చేసికొనుట సులువు.

తిరిగి వచ్చిన పిమ్మట, గడువు తీరగానే తనంతట తాను కొనసాగు పథకమేమోయని చూచి, అట్టిదైనచో రద్దు చేసి, ఆ తరువాతనే ఇ-సిమ్మును ఫోనునుండి తొలగించవలెను. సిమ్మును తొలగించినంత మాత్రమున కార్డునుండి సొమ్ము లాగుట ఆగదు.