రైలుబండిపై పుట్టిన పాట

మా కరీంనగరు సీమలో పాటకు కొదువ లేదు. జగిత్యాల, కోరుట్ల పల్లెలలో ఒగ్గువారి డోలు మ్రోగిన రాత్రి తెల్లవారుటయే తెలియదు. సిరిసిల్లలో మగ్గపు చప్పుడునే తాళముగా చేసికొని కూనిరాగము తీయువారిని మేమెరుగుదుము. కొదువయైనది రైలు. జగిత్యాలకు, కోరుట్లకు ఇరువదియొకటవ శతాబ్దమున గాని అది రాలేదు. సిరిసిల్ల అంతకంటెను ఎక్కువకాలము ఎదురుచూచినది. అయినను రైలును గూర్చిన పాటనొకదానిని నేడు ముచ్చటింపదలచితిమి.

అమెరికాదేశమున మిసిసిపీ రాష్ట్రములో వాన్ అను చిన్న స్టేషను ఉండెను. 1900 ఏప్రిల్ 30వ తేదీ తెల్లవారుజామున కేసీ జోన్స్ అను డ్రైవరు మెంఫిస్ నుండి కాంటన్‌కు ప్రయాణికుల బండిని నడుపుచుండెను. గంటకు పైగా ఆలస్యముగా బయలుదేరి, ఆ ఆలస్యమును చాలవరకు పూడ్చెను. వాన్ వద్ద ఒక గూడ్సుబండి ప్రక్కదారిలో పూర్తిగా ఇమడక, దాని చివరి పెట్టెలు ప్రధానమార్గము మీదనే నిలిచియుండెను. జోన్స్ తన ఫైర్‌మన్ సిమ్ వెబ్‌ను దుముకుమని చెప్పి, తాను బ్రేకు విడువక నిలిచెను. ప్రాణము పోయినది ఆయన యొక్కనికే.

హెచ్చరిక సంజ్ఞను లక్ష్యపెట్టలేదని కంపెనీ విచారణ తప్పును జోన్స్ పైననే మోపినది. అట్టి సంజ్ఞయే కనబడలేదని వెబ్ తుదివరకు చెప్పుచు వచ్చెను. కాంటన్ షెడ్డులో ఇంజనులు తుడుచు వాలెస్ సాండర్స్ అను నల్లజాతి కార్మికుడు, తానెరిగిన ఆ డ్రైవరుపై పని చేయుచునే పాట కట్టెను. అది నోటినోట సాగి, పరుల చేతిలో మారి, 1909లో వారి పేర అచ్చయ్యెను. సాండర్స్‌కు ఆ రాబడిలో పాలు దక్కలేదు.

మన సంగతి యేమి? 1954 సెప్టెంబరులో జనగామ సమీపమునను, 1956 సెప్టెంబరు 2న మహబూబ్‌నగర్ సమీపమునను వరదకు వంతెన తెగి బండ్లు ఏటిపాలైనవి. రెండుచోట్లను నూరేసిమందికి పైగా మరణించిరి. మహబూబ్‌నగర్ దుర్ఘటనకు రైల్వేమంత్రి లాల్‌బహదూర్ శాస్త్రిగారు రాజీనామా ఇచ్చిరి, నెహ్రూగారు అంగీకరింపలేదు. నవంబరులో అరియలూరు ప్రమాదము జరుగగా శాస్త్రిగారు పదవిని వదలిరి. ఆ రాజీనామాను చరిత్ర పుస్తకములు నేటికిని చెప్పుచున్నవి. ఏట కలిసిన ప్రయాణికుల పేర్లను మనలో నెందరు చెప్పగలరు?

విచారణ నివేదిక తప్పెవరిదో తేల్చును. పోయినవాడెట్టివాడో పాట చెప్పును. రెండును కావలసినవే. కాని పాట కట్టినవానిని మరచుటయు అన్యాయమే. మీ యూర ఇట్టి కథ ఎవరైన పాడిన వేళ, దీనిని కట్టినదెవరని ఒక్కమాట అడుగుడు. ఆ పేరు వ్రాసి యుంచుడు.