వెన్నెముక శస్త్రచికిత్స - నొప్పి నివారణ



నల్లమందు భారతదేశమునకు క్రొత్త వస్తువు కాదు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రములలో గసగసాల సాగు నేటికిని కేంద్రప్రభుత్వపు అనుమతిపత్రముతోనే జరుగుచున్నది. పందొమ్మిదవ శతాబ్ది ప్రారంభమున జర్మనీ దేశీయుడగు సెర్టూర్నర్ నల్లమందునుండి మార్ఫీనును వేరుచేసెను. తీవ్రమైన బాధ నడచుటలో దానికి సాటివచ్చు మందులు మిక్కిలి తక్కువ. అయినను ఆ మేలునకు వెల కలదు. మలబద్ధకము, వాంతులు, మగత కలుగును. మోతాదు మించినచో ఊపిరి మందగించును. చాలకాలము వాడినచో శరీరము దానికి అలవాటుపడును.

వెన్నెముక శస్త్రచికిత్సలో బాధ ఒక్క తీరున నుండదు. కండరములను ఎముకనుండి విడదీయుటచే వాపు, బిగువు కలుగును. నలిగిన నరమువలన కాలిలోనికి మంట, పోటు ప్రాకును. ఇన్ని విధములైన బాధను ఒక్క మార్ఫీనుతోనే అణచబూనినచో మోతాదు పెంచక తప్పదు.

ఇందుకు వేరొక మార్గము కలదు. భిన్నరీతుల పనిచేయు మందులను మితముగా కలిపి వాడుటలోని ప్రయోజనమును 1993లో డెన్మార్కు వైద్యులగు కెహ్లెట్, డాల్ వివరించిరి. పారాసెటమాలును నొప్పి ముదురువరకు ఆగక వేళప్రకార మిత్తురు. వాపు తగ్గించు మాత్రలను మూత్రపిండముల స్థితిని, కడుపులో పుండ్లున్నవేమో విచారించి యిత్తురు. ఎముకలను అతికించిన రోగి విషయమున వైద్యుడు మరింత ఆలోచించును. గాయముచుట్టును, వెన్నుకండరముల పొరలలోను తిమ్మిరి కలిగించు మందు నెక్కింతురు. ఇన్నిటికిని లొంగని బాధకే మార్ఫీను వంటి మందును స్వల్పముగా, కొలదిదినములు మాత్రమే వాడుదురు.

అట్లని మార్ఫీను పేరు వినగనే భయపడి, "ఓర్చుకొనుము" అని రోగిని శాసించుట ధర్మము కాదు. నొప్పిచే కదలలేనివానికి, నిండుగా ఊపిరి పీల్చలేనివానికి కాళ్లలో రక్తము గడ్డకట్టుట, ఊపిరితిత్తులలో నెమ్ము చేరుట సంభవింపవచ్చును. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టమును 2014లో సవరించుటలో ఒక ఉద్దేశము, అవసరమైన రోగులకు ఈ మందులు సులభముగా అందుటయే. కావలసినది మందును నిషేధించుట కాదు, మితము పాటించుట.

ఈ పనిలో కుటుంబమునకును భాగము కలదు. రోగి అంతకుముందే వాడుచున్న మందులన్నిటిని శస్త్రచికిత్సకు ముందే వైద్యునికి చెప్పవలెను. చాలకాలముగా వాడుచున్న మందును ఒక్కసారిగా మానరాదు. వైద్యుని సలహాతో క్రమముగా తగ్గింపవలెను. జలుబు మాత్రలలో సైతము పారాసెటమాల్ ఉండును గావున రెండింతలు పడకుండ చూడవలెను. ట్రమడాల్ సామాన్యమైన నొప్పిమాత్ర యని తలచి ఇరుగుపొరుగువారికి పంచరాదు. 2018లో అదియు ఆ చట్టము క్రిందికి వచ్చినది. నిద్రమాత్రలను, మద్యమును ఈ మందులతో కలుపుట ప్రాణాపాయకరము.

పడకనుండి లేచునపుడు నడుము మెలిపెట్టక, దుంగవలె ఒక్కమారుగా ప్రక్కకు దొర్లి, చేతిపై ఆని లేవవలెను. వైద్యుడు అనుమతించిన దినమునుండి కొలదికొలదిగా నడవవలెను. కాళ్లలో క్రొత్తగా బలహీనత, తొడలనడుమ స్పర్శ లేకుండుట, మూత్రము బిగియుట, జ్వరము వీనిలో ఏది కనిపించినను మాత్రలతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి పోవలెను.

శస్త్రచికిత్స పిమ్మట నొప్పి ఏమాత్రము ఉండదని ఎవరును మాట ఈయజాలరు. రోగి హాయిగా ఊపిరి పీల్చి, నిద్రించి, నాలుగడుగులు నడువగలిగినచో చికిత్స సరియైన దారిలో నున్నట్లే. మిగిలిన కొంచెపు నొప్పి దినదినమునకు తగ్గును. అలవాటైన మందును వదలించుకొనుట మాత్రము అంత సులభము కాదు.