పచ్చడి సీసా, రికార్డు పుస్తకం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

ఆహార పరిశ్రమలో భద్రతా నిబంధనల గురించి పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు అడిగారు. ఇరవై ఏళ్ళకు పైగా పచ్చళ్ళ ఫ్యాక్టరీల్లో క్వాలిటీ విభాగంలో పనిచేస్తున్నాను. నిబంధనలు చదివి వినిపిస్తే భోజనాల వేళకి సగం మంది నిద్రపోతారు. అందుకని నేను చేసిన ఒక తప్పు చెబుతాను. దానికి ముందు మన లాబ్ సంగతి ఒకటి చెప్పాలి.

లోలకం ప్రయోగం గుర్తుందా? ఇరవై డోలనాలకు ఎంత సమయం పట్టిందో రాసి, లెక్క కడితే 980 రావాలి. మేమందరం 980 నుంచి వెనక్కి లెక్కగట్టి సెకన్లు నింపేశాం. సైన్సు మాస్టారు నా రికార్డు తీసుకుని ఎర్ర సిరాతో ఒకే ముక్క రాశారు: "ఏ గడియారంతో?" స్టాప్ క్లాక్ ఆ వారమంతా రిపేరు షాపులో ఉందట. తరగతిలో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు!

ఇక పచ్చడికి వస్తాను. పాత కల్తీ నిరోధక చట్టం 1954 నాటిది. ఇన్‌స్పెక్టర్ షాపుకొచ్చి నమూనా తీసుకెళ్ళేవాడు, కల్తీ దొరికితే కేసు. 2006లో వచ్చిన ఆహార భద్రతా చట్టం, దాని కింద 2011 ఆగస్టు నుంచి అమల్లోకొచ్చిన నిబంధనలు సరుకుతో పాటు దాన్ని ఎలా చేశావో కూడా అడుగుతాయి. నీళ్ళెక్కడివి, పనివాళ్ళకు వైద్య పరీక్షలయ్యాయా, ఏ బ్యాచ్ ఎవరికి అమ్మావు, అన్నిటికీ కాగితం ఉండాలి. మా ఓనర్‌గారు మొదట్లో "మనం పచ్చళ్ళు పెడుతున్నామా, పుస్తకాలు అచ్చేస్తున్నామా?" అనేవారు. ఆయన విసుగులో న్యాయం లేకపోలేదు. రిజిస్టర్లు ఎక్కువైతే రాసేవాడి చూపు గళ్ళు నింపడం మీదకే పోతుంది.

ఆవకాయతో నాకు పెద్ద బెంగ లేదు. మామిడి పులుపు, మన అమ్మమ్మలు వేసిన ఉప్పు, ఆ రెండూ దాన్ని కాపాడతాయి. వెల్లుల్లి పచ్చడి అలా కాదు. వెల్లుల్లికి సొంత పులుపు లేదు. మట్టిలో ఉండే బొటులినమ్ అనే సూక్ష్మజీవి బీజాలు దాని మీద ఉండవచ్చు. మామూలుగా మరిగించినా అవి చావవు. నూనె కింద గాలి ఆడదు కాబట్టి అక్కడ హాయిగా పెరిగి విషం తయారుచేస్తాయి. వాసన మారకపోవచ్చు, రుచీ మారకపోవచ్చు. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక హోటల్లో నూనెలో నిల్వ ఉంచిన వెల్లుల్లి తిని 36 మంది ఈ విషం బారిన పడ్డారు. పచ్చడిలోని నీటి భాగంలో ఉప్పు 10 శాతం ఉంటే ఆ జీవి పెరగలేదు. ఉప్పు తగ్గిస్తే పులుపే దిక్కు. పీహెచ్ 4.6 కంటే తక్కువ ఉండి తీరాలి. మేము 4.2 దాటకూడదని గీత గీసుకున్నాం.

2018 వేసవిలో బీపీ ఉన్నవాళ్ళ కోసమని "ఉప్పు తక్కువ" వెల్లుల్లి పచ్చడి మొదలుపెట్టాం. నిమ్మరసంతో పులుపు. రోజూ ఒక కుర్రాడు పీహెచ్ కొలిచి రాసేవాడు, కింద నేను సంతకం పెట్టేదాన్ని. 4.1, 4.0, 4.1. చూడముచ్చటగా ఉండేది.

ఒకరోజు బయటి ఆడిట్ వస్తోందని లాబ్ సర్దుతున్నాను. మీటర్‌ను సరిచూసే బఫర్ ద్రావణం సీసా చేతికొచ్చింది. రోజూ వాడాల్సింది. మూత సీలు తీయలేదు. మీటర్ స్విచ్ నొక్కితే వెలగలేదు. రిజిస్టర్లో మాత్రం మూడు వారాల అంకెలు, అన్నిటి కిందా నా సంతకం.

కుర్రాడిని పిలిచాను. "మేడం, సెల్లు అయిపోయిందని ఇండెంట్ రాసి మీ ట్రేలో పెట్టానండి. రోజూ నాలుగు పాయింట్ ఒకటే వస్తోంది కదా అని..." అన్నాడు. ట్రే వెతికాను. అడుగున ఉంది కాగితం. వాణ్ణి తిట్టడానికి నోరు రాలేదు.

ఆ మూడు వారాల్లో తయారైనవి మూడు బ్యాచ్‌లు. నూనె తీసేసి, రెబ్బల్ని డిస్టిల్డ్ వాటర్‌తో మెత్తగా రుబ్బి కొలిచాం. అలా రుబ్బాలి, ఎందుకంటే రసం పుల్లగా ఉన్నా రెబ్బ లోపలికి పులుపు దిగడానికి రోజులు పడుతుంది. రెండు బ్యాచ్‌లు 4.1 దగ్గరే ఉన్నాయి. మూడోది 4.8. ఆ రోజు రెబ్బలు లావు, నిమ్మరసం తక్కువ.

దానిలో 11 కార్టన్లు, అంటే 264 సీసాలు, అప్పటికే డీలర్‌కి వెళ్ళిపోయాయి. "ఇన్నేళ్ళలో మన పచ్చడి తిని ఎవరికైనా కడుపునొప్పి వచ్చిందా అమ్మా? ఇప్పుడు వెనక్కి పిలిస్తే మార్కెట్లో పరువేం మిగులుతుంది?" అన్నారు ఓనర్‌గారు. ఆయనది చిన్న యూనిట్, ఆ సీజనంతా అప్పు మీద నడుస్తోంది. నేను వాంకూవర్ కథ చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయనే డీలర్‌కి ఫోన్ చేశారు. రీకాల్ నిబంధనలు అంతకుముందు సంవత్సరమే వచ్చాయి, వాటి ప్రకారం అధికారులకూ తెలియజేశాం. రోజూ విసుక్కునే ఆ అమ్మకాల రిజిస్టరే ఏ సీసా ఏ షాపులో ఉందో చెప్పింది.

260 సీసాలు తిరిగొచ్చాయి. నాలుగు రాలేదు. ఎవరో నగదిచ్చి కొనుక్కెళ్ళారు. షాపుల ముందు నోటీసు అంటించాం, స్థానిక పేపర్లో ప్రకటన ఇచ్చాం. తెల్లారితే పేపర్ తెరవాలంటే భయం. ఎవరికీ ఏమీ అయినట్టు వార్త రాలేదు. ఆ నాలుగూ ఏమయ్యాయో ఈరోజుకీ తెలియదు.

ఇప్పుడు నేను సంతకం పెట్టే ముందు వారానికి రెండుసార్లు, చెప్పకుండా వెళ్ళి, స్వయంగా కొలుస్తాను. రెండు అంకెలూ పక్కపక్కన రాస్తాం. తేడా వస్తే తేడాగానే ఉంచుతాం. ఆ కుర్రాడు ఇప్పుడు మా లాబ్ ఇన్‌చార్జి. ఇండెంట్ ట్రేలో పెట్టడు, నా చేతికే ఇస్తాడు.

మనవాళ్ళలో కొందరు ఇంట్లో పచ్చళ్ళు పెట్టి అమ్ముతున్నారని విన్నాను, చాలా సంతోషం. చిన్న వ్యాపారానికి రిజిస్ట్రేషన్ చాలు, ఫీజు ఏడాదికి వంద రూపాయలు. ఆ 14 అంకెల నంబరు, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు సీసా మీద వేయండి. ఆవాలు మన దగ్గర అలర్జీ జాబితాలో లేవు గానీ యూరప్‌లో, కెనడాలో ఉన్నాయి. అక్కడికి అమ్మేవాళ్ళు లేబుల్ మీద అది విడిగా కనబడేలా చూసుకోండి.

గేటు దగ్గర స్టాల్ పెట్టిన చెల్లెమ్మ వెల్లుల్లి పచ్చడి కూడా అమ్ముతోంది. అమ్మా, వెళ్ళేటప్పుడు నాకో సీసా ఇవ్వు, డబ్బిచ్చే కొంటాను. సోమవారం లాబ్‌లో రుబ్బించి, ఎంత వచ్చిందో సాయంత్రానికి ఫోన్ చేస్తాను.