మట్టికోటలో దంతపురం
(గజపతినగరంలో చేసిన గిడుగు రామమూర్తి స్మారకోపన్యాసం)



గిడుగు రామమూర్తి పంతులుగారిని వాడుకభాష కోసం పోరాడిన మహనీయుడిగా ఏటా తలచుకుంటాం. మన నేలలో మరుగునపడ్డ చోట్ల ఆచూకీ తీసిందీ ఆయనే. ముఖలింగం గుడిలోని శాసనాల లిపిని సొంతంగా నేర్చుకుని, గాంగరాజుల రాజధాని కళింగనగరం ఇదేనని నిరూపించారు. 1919లో వంశధార ఒడ్డున శాలిహుండం కొండమీది బౌద్ధ శిథిలాలను వెలుగులోకి తెచ్చారు. ఆయన పేరిట జరిగే ఈ సభలో, కళింగనగరం కంటే పాతదైన మరో రాజధాని గురించి చెబుతాను. అది దంతపురం.

ఈ నగరం మరుగునపడినా పేరు మాత్రం పుస్తకాల్లో నిలిచింది. దీఘనికాయంలోని మహాగోవింద సుత్తం కళింగుల రాజధాని దంతపురమంటుంది. పాళీ కావ్యం దాఠావంసం ప్రకారం బుద్ధుని దంతం ఇక్కడే పూజలందుకుంది. 4వ శతాబ్దంలో శత్రువులు మీదికి వచ్చినప్పుడు, కళింగరాజు గుహశివుడి కూతురు హేమమాల దాన్ని కొప్పులో దాచుకుని, భర్త దంతకుమారుడితో సింహళానికి చేర్చిందని కథ. శ్రీలంకలోని కాండీ దంతధాతు మందిరంలో నేటికీ పూజిస్తున్నది అదేనని సింహళ బౌద్ధుల విశ్వాసం.

మరి ఆ ఊరెక్కడ? రోమన్ రచయిత ప్లినీ గంగా ముఖద్వారానికి 625 మైళ్ల దూరాన కళింగుల పట్టణం ఒకటుందన్నాడు. అదే దంతపురమనుకుని, ఆ లెక్క పట్టుకుని పురావస్తు శాస్త్రవేత్త కన్నింగ్‌హామ్ రాజమహేంద్రవరం అన్నాడు. ఫ్రెంచి పండితుడు సిల్వాఁ లెవీ గంజాం తీరంలోని పాలూరు అన్నాడు. పూరీ అన్నవారూ ఉన్నారు.

మన సిక్కోలువాళ్లు మాత్రం సరుబుజ్జిలి మండలంలోని ఒక మట్టికోటను తరతరాలుగా దంతవక్త్రుని కోట అంటున్నారు. 1990లలో రాష్ట్ర పురావస్తుశాఖ అక్కడ తవ్వింది. తొలి చారిత్రక యుగపు జనావాసం బయటపడింది. నలుపు-ఎరుపు కుండపెంకులు దొరికాయి. అలాంటి పెంకు ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి: లోపల, అంచున నలుపు, బయట కింది భాగం ఎరుపు. కుండను ఆవంలో బోర్లించి కాలిస్తే లోపలికి గాలి ఆడక నల్లబడుతుంది, గాలి తగిలిన వైపు ఎర్రబడుతుంది. రెండువేల ఏళ్ల కిందటి కుమ్మరి పనితనం ఆ ముక్కలో కనిపిస్తుంది.

నా మొగ్గు ఈ కోటవైపే. 6వ శతాబ్దపు గాంగరాజు ఇంద్రవర్మ తన జిర్జింగి తామ్రశాసనాన్ని దంతపురం నుంచే ఇచ్చాడు. జిర్జింగి టెక్కలి ప్రాంతపు ఊరు. తొలి గాంగుల ఏలుబడికి గుండెకాయ ఈ వంశధార, నాగావళి నదుల నడిమి నేలే. శాలిహుండం ఇక్కడే, కళింగపట్నం రేవూ ఇక్కడే. రాజధాని మాత్రం వేరే దేశంలో ఉంటుందా?

అయినా దంతాన్ని నిలిపిన స్తూపం ఏది, ఇంత నగరం ఎందుకు పాడుబడింది అన్న ప్రశ్నలు మిగిలే ఉన్నాయి. వాదం తేల్చాల్సింది ఆ మట్టిలోంచి వచ్చే ఒక శాసనమో ముద్రో. అందుకే ఆ మట్టికోట కట్టను ఎవరూ చదును చేయకుండా కాపాడుకోవాలి. తవ్వకాలు మళ్లీ సాగాలి. నెల్లిమర్ల మండలంలోని రామతీర్థం గురుభక్తులకొండ బౌద్ధ శిథిలాలు మన గజపతినగరానికి దగ్గరే. మన బడిపిల్లలను ముందు అక్కడికి, తర్వాత సరుబుజ్జిలికి తీసుకెళ్లండి. వాళ్లకు పాత శాసనాల అక్షరాలు నేర్పండి. పంతులుగారు గురువు లేకుండా నేర్చుకున్న విద్యను మనం దగ్గరుండి నేర్పడమే ఆయనకు మనం చెల్లించాల్సిన బాకీ.